మండుటెండలో చలికి భయపడిన మనిషి

సార్ పోయారని బుధవారం పొద్దున ఎనిమిది గంటలకు ఫోన్ వచ్చింది. చేసింది వాళ్లావిడ. నేను ఆమెను పిన్నిగారూ అంటాను. "అమ్మాయ్, మీ సార్ లేరమ్మా. తెల్లారి లేపితే లేవలేదు" అని రెండు ముక్కల్లో చెప్పారు. నేను ఏడవడం మొదలుపెట్టేలోపే, "ఇవాళ బుధవారం కదా, పెట్టెలు పంపేసి రా. ఆయనుంటే అదే అనేవారు" అని ఫోన్ పెట్టేశారు.

పెట్టెలంటే టీకా మందు పెట్టెలు. నేను రేపల్లె దగ్గర నగరం అనే మండలంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుని. బుధవారం, శనివారం మా దగ్గర్నుంచి చుట్టుపక్కల ఊళ్లకు చంటిపిల్లల టీకాలు వెళ్తాయి. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నది సారే. రిటైరయ్యే ముందు నాలుగు నెలలు నన్ను పక్కన పెట్టుకుని పని నేర్పారు. నేర్పారనడం కన్నా భయపెట్టారనడం సరైన మాట. ఆ రోజు కళ్లు తుడుచుకుంటూనే నాలుగు పెట్టెలూ కట్టి పంపి, రేపల్లె వచ్చి రైలెక్కాను. తెనాలిలో వాళ్లింటికి చేరేసరికి ఆయన్ని తీసుకెళ్లిపోయారు. ఆఖరి చూపు నాకు దక్కలేదు. ఆలస్యం ఎందుకైందని పిన్నిగారు అడగలేదు, నేనూ చెప్పలేదు.

టీకా మందు ఎంత దూరం నుంచి వస్తుందో మీలో చాలామంది ఆలోచించి ఉండరు. నేనూ ఉద్యోగంలో చేరేదాకా ఆలోచించలేదు. ఎక్కడో తయారై, విమానమెక్కి, లారీ ఎక్కి, బాపట్లలోని జిల్లా స్టోరుకి చేరుతుంది. అక్కడి నుంచి వ్యానులో మా ఫ్రిజ్‌లోకి. మా ఫ్రిజ్ నుంచి భుజాన వేలాడే చిన్న పెట్టెలో అంగన్‌వాడీ గుమ్మం దాకా. ఇంత దూరమూ అది అతి చల్లనా కాకుండా, వెచ్చనా కాకుండా ఉండాలి. "ఇంతమంది ఇంత జాగ్రత్తగా మోసుకొచ్చింది, ఆఖరి మూడు కిలోమీటర్లలో మనం పాడు చెయ్యొచ్చమ్మాయ్" అని సార్ మొదటిరోజే చెప్పారు. చెప్పి ఊరుకోకుండా, "భయమేసిందా?" అని అడిగారు. "లేదండి" అన్నాను ధైర్యంగా. "అయితే నీకింకా అర్థం కాలేదు" అన్నారు.

ఆయన తెనాలి నుంచి రోజూ రైల్లో రేపల్లె వచ్చి, అక్కడి నుంచి బస్సులో మా ఊరొచ్చేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట థర్మామీటరు ఉండేది. రాగానే కుర్చీలో కూర్చోరు, ఎవరినీ పలకరించరు. చెప్పులు విడిచి గదిలోకి వెళ్లి ఫ్రిజ్ మీద అరచెయ్యి పెట్టి నిలబడేవారు. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టుండేది ఆ చూడటం. ఫ్రిజ్ ప్లగ్గు చుట్టూ తెల్ల ప్లాస్టరు చుట్టి, పైన "తీయరాదు" అని ఎర్ర ఇంకుతో రాశారు. సెల్ ఛార్జింగ్ కోసం ఎవరైనా పీకుతారని ఆయన అనుమానం. ఆ అనుమానం అన్యాయం కాదని ఇప్పుడు నాకు తెలుసు. మా ఊరికి కరెంటు ఒక బంధువులాంటిది, ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో నమ్మకం లేదు.

ఆ నాలుగు నెలల్లోనే ఒకరోజు తనిఖీకి వచ్చిన పెద్దాయన ఒకరు తన మజ్జిగ సీసా మా టీకాల ఫ్రిజ్‌లో పెట్టించారు. సార్ చూశారు. ఏమీ అనకుండా ఆ సీసా తీసి, గ్లాసులో పోసి, పళ్లెంలో పెట్టుకుని తీసుకెళ్లి ఆయన ముందుంచారు. "వేడెక్కక ముందే తాగెయ్యండి సార్. ఆ ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ పిల్లల మందుకి వేడి తగులుతుంది" అన్నారు. ఆ పెద్దాయన మొహం చూడాల్సింది. మజ్జిగ మాత్రం తాగారు.

అయితే సార్ అసలు భయం వేడి కాదు. అది నాకు అర్థం కావడానికి చాలా పెద్ద దెబ్బ తగలాల్సి వచ్చింది.

టీకా సీసా మీద ఒక చిన్న గుర్తు ఉంటుంది. వేడి తగిలితే అది నల్లబడుతుంది. చూడగానే తెలుస్తుంది, పారేస్తాం. కానీ కొన్ని మందులు, అందులో కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసేది కూడా, గడ్డకడితే చచ్చిపోతాయి. మళ్లీ కరిగాక చూస్తే మామూలుగానే ఉంటాయి. సీసా మీద గుర్తు తెల్లగా నవ్వుతూనే ఉంటుంది. ఆ మందు వేస్తే పిల్లకి నష్టమేమీ జరగదు, రక్షణ మాత్రం ఉండదు. తల్లి కార్డు దాచుకుంటుంది, మనం రిజిస్టరులో టిక్కు పెట్టుకుంటాం, అందరూ హాయిగా ఉంటారు. "వేడి చేస్తే మందు కేక పెడుతుందమ్మాయ్. చలి చేస్తే నోరెత్తదు" అనేవారు సార్.

ఇంత భయం ఎక్కడిదని ఒకసారి అడిగాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బాపట్ల వైపు ఒక ఊళ్లో కంఠసర్పి వచ్చిన పిల్లవాణ్ణి చూశారట. గొంతులో పొర కట్టి ఊపిరాడక, పీల్చినప్పుడల్లా ఒక చప్పుడు చేసేవాడట. "ఆ చప్పుడు చేసి చూపించమంటే చూపించలేను. చెవిలో మాత్రం ఉంది" అన్నారు. ఆ పిల్లవాడికి ఎవరో ఎప్పుడో టీకా వేశారని వాడి తల్లి ఒట్టేసి చెప్పిందట. వేశారో లేదో, వేసిన మందు ఎలాంటిదో ఆయనకు ఇక ఎప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఆయన్ని జీవితాంతం పట్టుకుందని నేననుకుంటాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. సార్ గురించి రాస్తూ దాన్ని దాటేస్తే ఈ రాత అబద్ధమవుతుంది.

మా మండలం బాపట్ల జిల్లాలోకి వచ్చిన కొత్తల్లో, మే నెల. పొద్దున తొమ్మిదికే తారు మెత్తబడే ఎండ. ఫ్రీజరులోంచి తీసిన ఐస్‌ప్యాకుల్ని నేరుగా పెట్టెలో పెట్టకూడదు. బల్ల మీద పరిచి, చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగాలి. అరగంట పట్టొచ్చు, ముప్పావు గంట పట్టొచ్చు. ఆ రోజు సార్ రైలు ఆలస్యమైంది. పెట్టె తీసుకెళ్లే ఆటో ఆయన బయట హారను మోగిస్తున్నాడు. అన్నిటికన్నా దూరం వెళ్లేది సముద్రం వైపు ఊరి పెట్టె. ఇంత ఎండలో అంత దూరం వెళ్లేసరికి మందు ఉడికిపోతుందేమోనని నాకు భయం వేసింది. గట్టిగా గడ్డకట్టిన ప్యాకుల్ని అలాగే పెట్టి, మధ్యలో మందు సీసాలు ఇరికించి, మూత బిగించాను. పైగా మంచి పని చేశాననుకున్నాను. సార్ వస్తే మెచ్చుకుంటారని కూడా అనుకున్నాను.

మా ప్రాంతంలో పుట్టినవాళ్లం చేసే తప్పే అది. వేడికి భయపడటం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. చలి చంపుతుందంటే ఒంటికి ఎక్కదు.

సాయంత్రం నాలుగింటికి సిస్టరమ్మ, అంటే ఊళ్లో సూదులేసే మా ఏఎన్ఎం, మిగిలిన సీసాలు తిరిగి తెచ్చింది. సార్ వాటిని లెక్కపెట్టకుండా ఒకటి వెలుగులోకి ఎత్తి చూశారు. ఏదో అనుమానం వచ్చినట్టుంది. "పొద్దున ఎంతసేపు ఆగావు?" అన్నారు.  ఫ్రిజ్ దాటి ఎప్పుడూ బయటికెళ్లని సీసా ఒకటి, ఊరెళ్లి తిరిగొచ్చిన సీసా ఒకటి తీసుకుని, రెంటినీ ఒకే చేత్తో గట్టిగా ఊపి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. "కూర్చో. చూద్దాం" అన్నారు.

ఆ అరగంట నా జీవితంలో అన్నిటికన్నా పొడుగైనది. మొదట రెండూ ఒకేలా ఉన్నాయి, పల్చటి పాలలాగా. నేను మనసులో దేవుళ్లందరినీ పిలిచాను. పది నిమిషాలకు ఊరెళ్లొచ్చిన సీసాలో సన్నటి పొట్టులాంటిది కిందికి దిగడం మొదలైంది. అరగంటకు ఒకటి అలాగే ఉంది. రెండోది బియ్యం కడుగు నీళ్లు నిలవపెట్టినట్టు పైన తేట, అడుగున పిండి.  సార్ తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎంతమందికి వేశావమ్మా ఇవాళ?" అని సిస్టరమ్మను అడిగారు.

"ఈ మందు పద్నాలుగు మందికండి."

నా నోట్లోంచి వచ్చిన మాట ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "సార్, పిల్లలకేం కాదు కదండీ. ఎవరికీ తెలియదు కదండీ" అన్నాను.

"ఎవరికీ తెలియదమ్మాయ్. నా భయమంతా అదే" అన్నారు ఆయన. లేచి నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లారు. నా ఉద్యోగం పోతుందని నాకు భయం. ఆయన భయం వేరు. 

డాక్టరమ్మ మంచావిడ. పిల్లలందరికీ మళ్లీ వెయ్యాలని నిర్ణయించారు, బాపట్లకు రాసి పంపారు. మర్నాటి నుంచి సార్, సిస్టరమ్మ, నేను ఇల్లిల్లూ తిరిగాం. ఆ తిరుగుడు ఎలా ఉంటుందో చెప్పనా? మనల్ని నమ్మి పిల్లను ఒళ్లో పట్టుకుని తొడ చూపించిన తల్లి దగ్గరికి వెళ్లి, నిన్న వేసింది పనికిరాదు అని చెప్పాలి. "అంటే నిన్న మా వాణ్ణి ఏడిపించింది నీళ్లకా?" అని ఒకాయన గట్టిగా అరిచాడు. ఒకామె గడియ తియ్యలేదు. ఊళ్లో మాట పాకింది, మందులో ఏదో కలిసిందని. ఒక్కసారి ఆ నమ్మకం పోతే ఇక ఏ టీకాకీ ఎవరూ రారు. సార్ ప్రతి గుమ్మం ముందూ చెప్పులు విడిచి నిలబడి, దాచకుండా, మెల్లగా చెప్పేవారు. ఎవరేమన్నా "అవునండి, మా తప్పేనండి" అనేవారు. వారం పట్టింది. పదమూడు మందికి వేయించాం.

పద్నాలుగో పిల్ల లేదు.

ఆ పిల్ల తల్లి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిందట. సూది వేయించుకున్న మర్నాడు పొద్దున్నే మంచిరోజని అత్తవారింటికి పంపేశారు. ఎక్కడని అడిగితే కొలకలూరు అన్నారు. మా రిజిస్టరులో ఉన్నది పుట్టింటి చిరునామా, పిల్ల తాతగారి ఫోను. మేం ఫోన్ చేస్తే ఆయన ఎత్తడు. ఎత్తినప్పుడు, "వాళ్ల ఇష్టమండి, ఆడపిల్లనిచ్చినవాళ్లం, మేం చెప్పలేం" అని పెట్టేస్తాడు. పైగా కొలకలూరు మా జిల్లా కాదు. మా కాగితాలు అక్కడి దాకా వెళ్లవు. ఇలాంటి పిల్లలు పుట్టింటి రిజిస్టరుకీ అత్తింటి రిజిస్టరుకీ మధ్య జారిపోతారు.

"కొలకలూరు మాకు దగ్గరే. నేను చూస్తాలే" అన్నారు సార్.

ఆ నెలాఖరుకి ఆయన రిటైరయ్యారు. దండ వేశాం, శాలువా కప్పాం. వీడ్కోలు సభలో మాట్లాడమంటే, "తలుపు తీసేముందు ఏం కావాలో అనుకుని తియ్యండి" అని ఫ్రిజ్ గురించి చెప్పి కూర్చున్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాతి రెండు నెలలు నేనెలా ఉన్నానో ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. రేపల్లె బస్సులో ఏ పసిబిడ్డ దగ్గినా తిరిగి చూసేదాన్ని. ఆ తల్లి మొహంలో కొలకలూరు వెతికేదాన్ని. ఎక్కడ జ్వరాలన్నా నాకు ఆ పిల్లే గుర్తొచ్చేది, పేరైనా తెలియని పిల్ల. రిజిస్టరులో "బేబీ ఆఫ్" అని తల్లి పేరే ఉంది. సార్‌కి ఫోన్ చేస్తే, "వెళ్లాను. మళ్లీ వెళ్తాను" అనేవారు. ఇంకేమీ చెప్పేవారు కాదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయనే చేశారు. "వేయించానమ్మాయ్. అక్కడి సిస్టరు చేతనే. మందు నేను దగ్గరుండి చూశాను" అన్నారు. నేను ఫోన్ పట్టుకుని స్టోరు గదిలో కింద కూర్చుండిపోయాను. ఎలా ఒప్పించారని అడగాలన్న ఆలోచనే రాలేదు. నా గండం గడిచిందని మాత్రం అనుకున్నాను.

ఆ తర్వాత ఈ నాలుగేళ్లూ ఆయన ప్రతి బుధవారం, శనివారం పొద్దున ఫోన్ చేసేవారు. బాగున్నావా అని ఉండదు, తిన్నావా అని ఉండదు. "ఎంత ఉంది?" అంటే ఫ్రిజ్‌లో ఎంత చల్లదనం ఉందని. చెప్తే, "కాగితంలో చూసి చెప్పావా, వెళ్లి చూసి చెప్పావా?" అనేవారు. ఒక్కోసారి విసుగొచ్చి, "చూసే చెప్పానండి బాబూ" అనేదాన్ని. ఇంట్లో ఫ్రిజ్‌లో కూడా థర్మామీటరు వేలాడదీశారని పిన్నిగారు చెప్పి నవ్వేవారు. పచ్చిమిరపకాయలకి కూడా టీకాల మర్యాద జరుగుతోందని ఆవిడ ఎగతాళి.

పెద్దకర్మ ఆదివారం జరిగింది. తెనాలి వెళ్లాను. భోజనాలయ్యాక పిన్నిగారి దగ్గర కూర్చుని ఉండగా ఒక పెద్దావిడ వచ్చింది. వెంట నాలుగేళ్లు నిండబోతున్న ఆడపిల్ల. ఫోటో ముందు పిల్ల చేత దణ్ణం పెట్టించి, మా పక్కన చాప మీద కూర్చుంది. ఎవరండీ మీరని పిన్నిగారు అడిగితే, "మాది కొలకలూరండి. ఆయన మా ఇంటికొచ్చేవారు" అంది.  ఆ పిల్ల మొహం అప్పుడు సరిగ్గా చూశాను. రెండు జడలు, ముందు పన్ను ఒకటి విరిగి ఉంది.

పెద్దావిడ చెప్పుకుంటూ పోయింది. "దీని కోసం ఆరేడుసార్లు తిరిగాడమ్మా ఆ మహానుభావుడు. మొదటిసారి వచ్చి, మీ పిల్లకేసిన మందు పాడైంది, పెట్టె కట్టింది నేనే, నా చేతి తప్పండి అన్నాడు. మా ఆయనకి కోపమొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇంత వయసొచ్చింది, పసిపిల్లల మందు కట్టడం చేతకాలేదా అన్నాడు. గేటు బయట ఎండలో నిలబెట్టాం. మాటంటే పడ్డాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ తిట్టాం. ఆఖరిసారి మెట్ల మీద కూర్చుని, ఎప్పుడో చూసిన పిల్లాడి గురించి చెప్పాడు. చెప్పి, పిల్లకి దగ్గేమైనా ఉందా అని రెండుసార్లు అడిగాడు. ఇంత పెద్దాయన ఇంతలా ఎందుకు భయపడుతున్నాడా అని నాకు భయమేసింది. అప్పుడు నేనే పిల్లనిచ్చి కోడల్ని సూదికి పంపాను."

పిన్నిగారు నా వైపు చూశారు. ఆవిడకు తెలుసో లేదో నాకు తెలియదు. నాలుగేళ్లుగా ఆయన వారానికి రెండుసార్లు నాతో మాట్లాడారు, ఈ మాట మాత్రం చెప్పలేదు. నేను తినాల్సిన తిట్లు ఆయన గేటు బయట ఎండలో నిలబడి తిన్నారు. నాకు చెప్పలేనంత కృతజ్ఞత కలిగింది, దాని వెంటే భయం. నోరు మూసుకుని కూర్చుంటే ఆ పెద్దావిడ దణ్ణం పెట్టి వెళ్లిపోతుంది. ఇంకెవరికీ తెలియదు. ఈ మాట నేను ఇంతకుముందు ఒకసారి అన్నాను.

"అమ్మా, ఆ పెట్టె కట్టింది సార్ కాదండి. నేనండి" అన్నాను.

"ఏంటమ్మా?"

"మీ మనవరాలి మందు పాడుచేసింది నేనండి. ఆయన ఆ పొద్దున అక్కడ లేనే లేరు."

ఆవిడ మనవరాల్ని ఒళ్లోకి లాక్కుంది. తిడుతుందనుకున్నాను.  మెల్లగా అడిగింది. "మా కోడలు రెండో కాన్పుకి కూడా మీ వైపే వచ్చింది. పిల్లాడికి నెలన్నర. వచ్చే బుధవారం ఇదే సూదికి రమ్మన్నారంట. ఆ పెట్టె ఎవరు కడతారు?"

"నేనేనండి."

ఆవిడ సరే అనలేదు, వద్దనలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని లేచింది. నేను గేటు దాకా వెళ్లాను. అక్కడ ఆగి, ఏమనుకుందో, "అత్తకి టాటా చెప్పవే" అంది. పిల్ల చెప్పలేదు. నాయనమ్మ చీర చెంగు గుప్పిట్లో బిగించి పట్టుకుని, వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి నన్నే చూస్తూ నడిచింది.